ఎర్రనీళ్ళ రేడియేటర్: ఏళ్ళ తరబడి పట్టించుకోని పాత బండి కూలింగ్ సిస్టమ్‌ను బాగుచేసుకోవడం

జూలైలో గోదావరికి ఎర్రనీరు తగిలినప్పుడు ధవళేశ్వరం దగ్గర నిలబడి చూసినవాళ్ళకి ఆ రంగు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అంబాజీపేట దగ్గర మా బాబాయి కొబ్బరికాయల షెడ్డులో మూడేళ్ళు పడి ఉన్న 2002 నాటి డీజిల్ బొలెరో రేడియేటర్ మూత తీస్తే లోపల సరిగ్గా అదే రంగు కనిపించింది. వేలు పెట్టి చూస్తే అడుగున మెత్తటి ఒండ్రు కూడా తగిలింది.

"ఇందులో కూలెంట్ ఎప్పుడు పోయించావు బాబాయ్?" అనడిగాను.

"కూలెంటెందుకురా, వారం వారం నీళ్ళు పోస్తూనే ఉన్నాను కదా" అన్నాడు.

బండి జబ్బంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. కూలెంటంటే నీళ్ళలో కలిపి పోసే, లోపల తుప్పు పట్టనివ్వని ద్రవం. కూలింగ్ సిస్టమ్ మూసి ఉన్న వలయం. అందులో పోసింది అందులోనే తిరగాలి. వారం వారం నీళ్ళు పడుతున్నాయంటే ఎక్కడో పోతున్నాయి. పోయిన చోటు వెతక్కుండా కొత్త నీళ్ళు పోస్తుంటే ప్రతిసారీ కాస్త కొత్త ఉప్పు, కాస్త కొత్త ఆక్సిజన్ లోపలికి వెళ్తాయి. ఉప్పు గొట్టాల గోడలకి పట్టేస్తుంది, ఆక్సిజన్ ఇంజిన్ తాలూకు పోత ఇనుము బ్లాక్‌ని తుప్పు పట్టిస్తుంది.

డెల్టాలో ఇది ఏళ్ళ తరబడి బయటపడకపోవడానికి కారణం నేల చదునుగా ఉండటమే. అమలాపురం నుంచి రావులపాలెం దాకా బండి ఎక్కే పెద్ద ఎత్తంటే వంతెన అప్రోచ్ ఒక్కటే. సగం మూసుకుపోయిన రేడియేటర్‌తో కూడా ఇక్కడ నెట్టుకురావచ్చు. ఆ బండినే ఎనిమిది మందిని ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కిస్తే రెండో మలుపులోనే వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటుతుంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ దాని పైన ఉండే హెడ్‌కీ మధ్య సీలు) పోయేది అలాంటి చోటే.

నాకు ఈ పని నాలుగు రోజులు పట్టింది. ఒక్క రోజులో చేసేద్దామని మొదలుపెట్టకండి. దాళ్వా (రబీ వరి) కోతలు అయ్యాక చేసుకుంటే మంచిది. కోత మిషన్ల దుమ్ము, గడ్డి నలుసులు రేడియేటర్ మీద అట్టకట్టేది అప్పుడే కాబట్టి లోపలా బయటా ఒకేసారి తేలిపోతుంది.

రెంచి పట్టుకునే ముందు

బండి పూర్తిగా చల్లారాలి. రాత్రంతా ఆగిన బండయితే మరీ మంచిది. వేడి మీద మూత తిప్పితే లోపల ఒత్తిడిలో ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి లేస్తుంది. గుడ్డ అడ్డం పెట్టుకున్నా అంతే. అలా చెయ్యి కాల్చుకున్న మెకానిక్కులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

ఎక్కడ కారుతోందో ముందు చూడండి. ఆరిపోయిన కూలెంట్ తెల్లగానో ఆకుపచ్చగానో పొడి మరకగా మిగులుతుంది. ఉప్పునీరైతే తెల్ల చార, తుప్పునీరైతే ఇటుకరంగు చార. హోస్ పైపు చివర్లు, రేడియేటర్ ట్యాంకు అతుకులు, బ్లాక్ పక్కన గుండ్రంగా దిగ్గొట్టి ఉండే రేకు ప్లగ్గులు చూడండి. వాటర్ పంపు కింద చిన్న కంత ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్ళు దానిలోంచి చుక్క చుక్కగా కారేటట్టు కంపెనీవాళ్ళే పెట్టిన కంత అది. కారుతోందని ఎంసీల్ పెట్టి మూసిన బండిని కళ్ళారా చూశాను. పంపు మార్చమని అది ఇచ్చే కబురు, నోరు మూస్తే లాభం లేదు.

డ్యాష్‌బోర్డు కింద కాళ్ళ దగ్గర మ్యాట్ తడిగా, జిగటగా ఉందా? అయితే హీటర్ కోర్, అంటే బండి లోపలికి వేడిగాలినిచ్చే చిన్న రేడియేటర్, కారుతున్నట్టు.

బయట ఎక్కడా చార కనపడకుండా నీళ్ళు తగ్గుతుంటే ఇంజిన్ లోపలికి పోతున్నాయని అనుమానించాలి. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి రేడియేటర్ మెడలోకి చూడండి. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే భయం లేదు. ఆగకుండా అన్నం ఉడికినట్టు వస్తుంటే, లేదా స్టార్ట్ చేసిన నిమిషానికే, ఇంజిన్ ఇంకా వేడెక్కకుండానే పై హోస్ రాయిలా బిగుసుకుంటే, మండిన గ్యాసు నీళ్ళలోకి వస్తోందన్నమాట. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు కనిపించినా అదే సంగతి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కాస్త తెల్లటి మీగడ ఉంటే కంగారు పడొద్దు. వర్షాకాలంలో దగ్గర దగ్గర ప్రయాణాలు చేసే బండికి తేమ వల్ల కూడా అది వస్తుంది.

హెడ్ గ్యాస్కెట్ పోయిన బండికి కూలెంట్ మార్చడం దండగ. ముందు హెడ్ విప్పించి, లేత్ దగ్గర ఫేసింగ్ (హెడ్ అడుగు చదునుగా ఉందో లేదో) చూపించి, కొత్త గ్యాస్కెట్ వేయించుకుని అప్పుడు ఈ పనికి రండి. మా బొలెరోకి ఆ బాధ తప్పింది. వాటర్ పంపు కంత, కింది హోస్ రెండూ కారుతున్నాయి, అంతే.

పాత నీళ్ళు దింపడం

కింద వెడల్పాటి బేసిన్ పెట్టండి, ఖాళీ నూనె డబ్బాని పొడుగునా కోసినా పనికొస్తుంది. రేడియేటర్ కింద డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. పాత బండికి అది బిగుసుకుపోయి ఉంటుంది. ప్లాస్టిక్ ప్లగ్‌ని బలవంతంగా తిప్పితే విరిగి సగం లోపలే ఉండిపోతుంది. దాని జోలికి పోకుండా కింది హోస్ క్లిప్ వదులు చేసి దింపడమే మేలు. హోస్ అతుక్కుపోతే స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకండి, ఇత్తడి మెడ వంగిపోతుంది. ఎలాగూ కొత్తది వేస్తాం కాబట్టి పాత హోస్‌ని పొడుగునా బ్లేడుతో కోసి ఒలిచేయండి.

రేడియేటర్ ఖాళీ అయినంత మాత్రాన సిస్టమ్ ఖాళీ అయినట్టు కాదు. బ్లాక్‌లో లీటర్ల కొద్దీ మిగిలిపోతుంది. చాలా ఇంజిన్లకు బ్లాక్ పక్కన వేరే డ్రెయిన్ బోల్టు ఉంటుంది. దాన్ని విప్పితే మొదట ఏమీ రాకపోవచ్చు, బురద అడ్డుపడి ఉంటుంది. తీగ ముక్కతో పొడిస్తే బుడబుడమని దిగుతుంది. మా బండిలో అక్కణ్ణుంచి గుప్పెడు తుప్పు పెళ్ళలు వచ్చాయి.

దించిన నీళ్ళలో కూలెంట్ ఏమాత్రం ఉన్నా జాగ్రత్త. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. కుక్కలు, దూడలు నాకితే కిడ్నీలు దెబ్బతిని చచ్చిపోతాయి. కాలువలోకో, చెరువులోకో, బోదెలోకో వంపకండి. మన ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది ఆ కాలువలతోనే. మూతున్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ తీసుకునే పెద్ద సర్వీస్ సెంటర్లో దీన్నీ తీసుకుంటారేమో కనుక్కుని అప్పజెప్పండి.

బయటి వైపు

ఇది చాలామంది మర్చిపోతారు. ఏసీ ఉన్న బండయితే రేడియేటర్ ముందు ఉండే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఏముందో టార్చి వేసి చూడండి. మాకు కొబ్బరి పీచు పొడి, వరి ఊక, రాత్రి లైట్లకి వచ్చి చచ్చిన పురుగులు అన్నీ కలిసి పిడకలా అట్టకట్టి ఉన్నాయి. దాన్ని ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టి తీయాలి. ముందు వైపు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగబడుతుంది.

ఇక్కడ నేనొక వెధవ పని చేశాను. తొందరగా అయిపోతుందని వాషింగ్ సెంటర్ జెట్ దగ్గరగా పెట్టి కొట్టించాను. అరచేయంత మేర రేడియేటర్ మీది పల్చటి రేకు రెక్కలు చదునుగా పడుకుండిపోయాయి. గాలి దూరకపోతే అవి ఉన్నా లేనట్టే. ఒక సాయంత్రమంతా కూర్చుని సన్నటి చాకు మొనతో ఒక్కొక్కటీ లేపాల్సొచ్చింది. తోటలో మొక్కలు తడిపే పైపు ఒత్తిడి చాలు. జిడ్డుంటే సబ్బునీళ్ళు చిలకరించి పది నిమిషాలు ఆగి కడగండి. అంతర్వేది, ఉప్పాడ లాంటి తీరపు ఊళ్ళలో తిరిగే బండికైతే రెక్కల్ని గోటితో మెల్లగా గీకి చూడండి. పొడిలా రాలితే ఉప్పుగాలి తినేసినట్టే. ఆ రేడియేటర్ కడిగి లాభం లేదు, మార్చాలి.

లోపలి ఒండ్రు

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్ళు పోనివ్వని వాల్వు) తీసేసి, దాని మూత తిరిగి బిగించి, నీళ్ళు నింపి ఇంజిన్ తిప్పండి. థర్మోస్టాట్ ఉంటే చల్లటి నీళ్ళు రేడియేటర్ దాకా వెళ్ళవు. హీటర్ మీటని పూర్తి వేడి వైపు పెట్టండి. మన జిల్లాల్లో హీటర్ ఎవరు వేస్తారండి? అందుకే ఆ వాల్వు పాతికేళ్ళుగా మూసుకునే ఉంటుంది, దాని వెనక కోర్ నిండా బురదే. తెరవకుండా ఎంత కడిగినా మొదటిసారి ఎవరైనా దాన్ని తిప్పిన రోజున ఆ బురదంతా కొత్త కూలెంట్‌లో కలుస్తుంది. మా బండిలో వాల్వు కేబుల్ పట్టేసింది. నూనె చుక్కలు వేసి ఒకరోజు వదిలేస్తే కదిలింది.

పది నిమిషాలు తిప్పి, చల్లారనిచ్చి, దించండి. మళ్ళీ నింపండి. మొదటి మూడు సార్లకి కడగడం వరకూ బోరు నీళ్ళయినా పర్లేదు. మాకు అయిదోసారికి కాస్త పల్చబడింది, ఎరుపు మాత్రం పోలేదు.

అప్పుడు రసాయనం. ఇత్తడి చెంబుని చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తుందో ఇదీ అందుకే పనిచేస్తుంది: బలహీనమైన యాసిడ్ తుప్పునీ సున్నపు పొరనీ కరిగిస్తుంది, లోహాన్ని పెద్దగా ముట్టుకోదు. రాగి, ఇత్తడి రేడియేటరూ ఇనుప ఇంజినూ అయితే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్ళకి 40 గ్రాముల లెక్కన వేడి నీళ్ళలో కరిగించి పోసి, ఇంజిన్‌ని ఇరవై నిమిషాలు తిప్పి, వెంటనే దించేయాలి. రాత్రంతా ఉంచితే ఇంకా బాగా పోతుందన్న ఆశ వద్దు. అల్యూమినియం రేడియేటర్ గానీ అల్యూమినియం హెడ్ గానీ ఉంటే నిమ్మ ఉప్పు బదులు అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న రేడియేటర్ ఫ్లష్ వాడండి. బాత్రూం యాసిడ్ మాత్రం ఏ బండిలోనూ పోయొద్దు. అది తుప్పుతో పాటు అల్యూమినియాన్నీ టంకాన్నీ తినేస్తుంది.

ఆ తర్వాత రేడియేటర్ విడిగా విప్పగలిగితే తలకిందులుగా పెట్టి కింది మెడలోంచి నీళ్ళు వదలండి. మామూలుగా పారే దిక్కుకి ఎదురుగా పారితే ఇరుక్కున్న పెళ్ళలు బయటికొస్తాయి. పైనుంచి బకెట్ నీళ్ళు పోస్తే కిందినుంచి ధారగా పడాలి. నిలబడి నిదానంగా దిగుతుంటే గొట్టాలు మూసుకుపోయాయని అర్థం. రాగి రేడియేటర్ అయితే రేడియేటర్ షాపువాళ్ళు ట్యాంకు విప్పి గొట్టాల్లో సన్నటి ఊచలు తోసి బాగుచేస్తారు. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియందైతే కొత్తది కొనుక్కోవడమే నయం.

ఇంకో మాట. లీకులు ఆపడానికి రేడియేటర్లో పసుపు పోసే అలవాటొకటి ఉంది. రాత్రి పూట దారి మధ్యలో ఇంటికి చేరడానికి పోసుకుంటే పోసుకోండి గానీ, అది కంతని మూసినట్టే సన్న గొట్టాల్నీ మూస్తుంది. మీరు దింపిన నీళ్ళలో పచ్చటి ముద్దలు కనిపిస్తే పాత ఓనరు ఆ వైద్యం చేసినట్టు.

చివరి రెండు సార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఎందుకో కింద చెప్తాను.

థర్మోస్టాట్ మీద ఒక తగవు

మా దగ్గరి మేస్త్రీ మంచి పనివాడే. కానీ థర్మోస్టాట్ పేరెత్తగానే "ఆయ్, మన ఎండలకి అదెందుకండీ, తీసి పారెయ్యండి, బండి చల్లగా ఉంటాది" అన్నాడు. ఈ మాట మీరు ఏ షెడ్డులోనైనా వింటారు. తప్పు మాట.

బయట ఎండ 42 డిగ్రీలున్నా ఇంజిన్‌కి అది చలే. అది సరిగా పనిచేసేది 80 నుంచి 95 డిగ్రీల మధ్య. థర్మోస్టాట్ లేకపోతే చదును రోడ్డు మీద ఇంజిన్ ఎప్పటికీ ఆ వేడికి చేరదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ ఆరక మడ్డి పడుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. అదీగాక కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కి పోకుండా బైపాస్‌లోనే తిరుగుతుంది. అప్పుడు చదును మీద చల్లగా ఉన్న బండే ఘాట్‌లో కాగిపోతుంది.

కొత్తదైనా సరే పరీక్షించి వేయండి. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ని అడుక్కి తగలకుండా దారంతో వేలాడదీసి, స్టవ్ మీద పెట్టి థర్మామీటర్ ముంచండి. దాని మీద 82 అని ఉంటే ఆ వేడికి అటూ ఇటూగా నోరు తెరవడం మొదలవ్వాలి, మరో పది పన్నెండు డిగ్రీలకి పూర్తిగా తెరుచుకోవాలి. చల్లారితే మూసుకోవాలి. బిగించేటప్పుడు దాని అంచున కదిలే చిన్న పిన్ను పైకి ఉండాలి, గాలి పోయే దారి అదే.

మిగతా సామాన్లు

హోస్‌ని నొక్కి చూడండి. మెత్తగా ముద్దలా ఉన్నా, కరకరలాడినా మార్చాల్సిందే. పొలం గట్టునో ధాన్యం కొట్టు పక్కనో నిలబడే బండయితే ఎలుకలు కొరికిన గాట్లు కూడా వెతకండి. క్లిప్పులు కొత్తవి వేయండి. ఫ్యాన్ బెల్టు పగుళ్ళు చూడండి. వాటర్ పంపు పుల్లీని పట్టుకుని ఊపితే కదలకూడదు.

మూత గురించి ఒక్క నిమిషం ఆగాలి. అది ఉత్త మూత కాదు, వాల్వు. దాని మీద 0.9 అని ఉంటే అంత ఒత్తిడి (బార్‌లలో) వరకూ పట్టి ఉంచుతుంది. మామూలుగా 100 డిగ్రీలకి మరిగే నీరు ఆ ఒత్తిడిలో 118 దాకా మరగదు. సగానికి సగం కూలెంట్ కలిపితే 125 కూడా దాటుతుంది. రబ్బరు ఎండిపోయిన మూత వేస్తే ఆ లాభమంతా పోయి మళ్ళీ 100 దగ్గరే ఉంటాం. బండికి కంపెనీ చెప్పిన అంకె ఉన్న మూతే కొనండి. ఇంకా గట్టిదని 1.1 వేస్తే పాత రేడియేటర్ అతుకు ఊడుతుంది.

ఏ నీళ్ళు, ఎంత కూలెంట్

తీరపు మండలాల్లో బోరు వేస్తే ఉప్పునీరే, రొయ్యల చెరువుల చుట్టుపక్కల మరీనూ. ఆ క్లోరైడ్ అల్యూమినియానికి పిన్ను పొడిచినట్టు కంతలు పెడుతుంది. కాలువ నీళ్ళు ఉప్పగా లేకపోయినా ఒండ్రు ఉంటుంది. ఇరవై లీటర్ల క్యాన్ల ప్లాంటు నీళ్ళు వీటికన్నా మేలే గానీ అందులోనూ లవణాలు కొంత మిగులుతాయి. బ్యాటరీ షాపులో ఇన్వర్టర్లకి అమ్మే డిస్టిల్డ్ వాటర్ అయిదు లీటర్ల డబ్బా తెచ్చుకోండి. దానికి వెనకాడితే ఇంతసేపూ చేసిన చాకిరీ వృథా.

కూలెంట్ డబ్బా మీద ఐఎస్ 5759 గానీ జేఐఎస్ కే 2234 గానీ అన్న ప్రమాణం గుర్తు ఉందో లేదో చూసుకోండి. టంకం వేసిన పాత రాగి రేడియేటర్లకి సంప్రదాయ ఆకుపచ్చ రకం సరిపడుతుంది, దాన్ని రెండేళ్ళకోసారి మార్చాలి. కొత్త ఆర్గానిక్ రకాలు ఎక్కువ కాలం వస్తాయి. రంగు చూసి రకం తేల్చకండి, ఏ కంపెనీ ఏ రంగైనా వేసుకోవచ్చు. డబ్బా మీద రాత చదవండి, మాన్యువల్‌తో పోల్చండి. రెండు రకాలు కలపొద్దు.

ఇప్పుడు లెక్క. మీ బండి మొత్తం పట్టేది 9 లీటర్లనుకుందాం, అసలు అంకె మాన్యువల్లో ఉంటుంది. సగం కూలెంట్ కావాలంటే నాలుగున్నర లీటర్లు. కడిగాక ఎంత దించినా బ్లాక్‌లోనూ హీటర్‌లోనూ రెండు మూడు లీటర్ల నీళ్ళు మిగిలే ఉంటాయి. బయట సగం సగం కలిపి పోస్తే లోపల ఉన్న నీళ్ళతో పల్చబడిపోతుంది. అందుకని కాన్సెంట్రేట్ (నీళ్ళు కలపని కూలెంట్) కొని, నాలుగున్నర లీటర్లూ ముందే నేరుగా పోసేసి, మిగతా ఖాళీని డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. చివరి కడుగుడు డిస్టిల్డ్‌తో చేయమన్నది కూడా ఇందుకే, లోపల మిగిలేది ఆ నీళ్ళే కదా. కడిగిన బండిలో రెడీమిక్స్ (ముందే నీళ్ళు కలిపి అమ్మేది) పోస్తే ఈ లెక్క కుదరదు.

భీమవరం వైపు ఆక్వా రైతుల ఇళ్ళలో ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది. దాంతో కూలెంట్ చూద్దామని నాకూ బుద్ధి పుట్టింది. చూసే పద్ధతి అదే గానీ అందులో గీతలు ఉప్పుకి గీసినవి. గ్లైకాల్ గీతలున్నది వేరే అమ్ముతారు.

గాలి తీయడం

లోపల గాలి బుడగ చిక్కుకుంటే ఆ చోట లోహానికి నీరు తగలదు, అక్కడ కాగిపోతుంది. బండి మూతి ఎత్తుగా ఉంటే గాలి రేడియేటర్ మెడలోంచి పోతుంది. చదును నేల మీద ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? కాలువ గట్టు ఎక్కే దారి చూసుకోండి. నేను మా వీధి చివర గట్టు ఏటవాలు మీద నిలిపి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి ఈ పని చేశాను.

మూత తీసే ఉంచి, హీటర్ పూర్తిగా తెరిచి, స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదలండి. చొక్కా చేతులు, తువ్వాలు ఫ్యాన్‌కి దూరంగా ఉంచండి. పై హోస్‌ని మెల్లగా పిసుకుతూ ఉంటే గళగళమని బుడగలొస్తాయి, మట్టం తగ్గుతుంది, మళ్ళీ పోయాలి. పావుగంటకి థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. అంతదాకా గోరువెచ్చగా ఉన్న పై హోస్ ఒక్కసారిగా వేడెక్కడంతో అది తెలుస్తుంది. హీటర్ నుంచి వేడిగాలి నిలకడగా రావాలి. వేడి, చల్లన మార్చి మార్చి వస్తుంటే గాలి ఇంకా ఉంది. బుడగలు ఆగాక మెడ దాకా నింపి మూత బిగించి, రిజర్వ్ డబ్బాని రెండు గీతల మధ్య వరకూ నింపండి.

మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు చూస్తే మట్టం కాస్త తగ్గుతుంది. మాకు మొదటి రోజు పావు లీటరు పట్టింది, రెండో రోజు ఒక గుక్కెడు, మూడో రోజు ఏమీ పట్టలేదు. వారం దాటినా తగ్గుతూనే ఉంటే మొదటి అంకానికి వెళ్ళి చారలు వెతకండి.

పాత ఒండ్రు కొంత వేడికి కరుగుతూనే ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లకి మూత తీసి చూసి, రంగు మారితే ఒకసారి దించి కొత్తది పోయండి. మేము ఆరు వారాలకి అలా చేశాం, ఆ తర్వాతే మారేడుమిల్లి వెళ్ళాం. ఘాట్ మొత్తం ముల్లు సగం దగ్గర కాస్త ఊగింది, అంతకు మించి లేవలేదు.

బాబాయి డిక్కీలో ఉండే రెండు లీటర్ల నీళ్ళ సీసా తీసేసి కలిపిన కూలెంట్ సీసా పెట్టాను, పిల్లలు తాగే నీళ్ళనుకోకుండా దాని మీద పెద్దక్షరాలతో విషం అని రాశాను. ఎప్పుడైనా దారిలో అది కూడా చాలకపోతే, బండి చల్లారాక దొరికిన నీళ్ళే పోసి ఇంటికి తెచ్చేయొచ్చు. ఆ వారంలోనే దించి మళ్ళీ కూలెంట్, డిస్టిల్డ్‌తో నింపాలి.